అరికాలి మచ్చ

పదో తరగతి సర్టిఫికెట్టులో ప్రతివాడికీ రెండు పుట్టుమచ్చలుంటాయి. లేనివాడికి గాటో, కాలిన మచ్చో రాస్తారు. 1986లో మా క్లాసులో మచ్చలు రాసుకున్న రోజు నాకు బాగా గుర్తు. ఊళ్లో పిల్లల్ని అయ్యవారు దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి రాసుకున్నాడు. మాదిగపల్లె పిల్లలం ఆరుగురం. మా వంతు వచ్చేసరికి “ఎక్కడున్నయ్యో మీరే చెప్పండ్రా” అన్నాడు. నేను ఎడమ చెంప మీద ఒకటి, మెడ కింద ఒకటి చెప్పాను. ఒకడు లేని మచ్చ చెప్పినా రాసేశాడు. ఆ లేని మచ్చతోనే వాడు రైల్లో ఉద్యోగం చేస్తున్నాడు.

మా ఒంటి మీద మచ్చ గుర్తుపట్టడానికే. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల వాళ్ల వేలిముద్రలు పోలీసు పుస్తకాలకెక్కాయి. ఆ ఒంటికి జబ్బుందా అని చూసినోళ్లు తక్కువ.

నా చెంప మీది మచ్చ ఉబ్బెత్తుగా ఉండేది. మంగలి మా పల్లెకి వచ్చేవాడు కాదు. మా బాబాయే అందరికీ గడ్డాలు గీసేవాడు. గీసినప్పుడల్లా మచ్చ తెగి నెత్తురు కారేది. సున్నంలో చాకలిసోడా కలిపి పెట్టమని ఒకరు, నల్లజీడి రసం పెట్టమని ఇంకొకరు చెప్పేవాళ్లు. అట్లా పెట్టించుకున్న మా పెదనాన్న కూతురికి పులిపిరి పోయింది గానీ, బుగ్గ మీద రూపాయి బిళ్లంత కాలిన మచ్చ మిగిలింది. పెళ్లిచూపులకొచ్చినోళ్లంతా దాన్నే చూశారు.

2018లో నరసరావుపేటలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. శావల్యాపురం నుంచి అమ్మ కూడా వచ్చింది, కోస్తారంటే భయపడి. తిమ్మిరి సూది వేసి, పది నిమిషాల్లో మచ్చని చెక్కేసింది డాక్టరమ్మ. చెక్కిన ముక్కని మందునీళ్ల సీసాలో వేసి పరీక్షకు పంపింది. “ఏది కోసినా పరీక్షకు పంపాలి. సున్నంతో కాల్చుకుంటే పరీక్షకు ఏమీ మిగలదు” అంది. సర్టిఫికెట్టు సంగతి చెబితే, మచ్చ తీసేసినట్టు కాగితం రాసిచ్చింది. అది ఇప్పటికీ సర్టిఫికెట్టుతోనే దాచుకున్నాను.

అమ్మ కుంటుతూ లేవడం ఆమె కంటబడింది. “కాలికేమైందమ్మా?” అంది. “ఆనెకాయమ్మా, ఏం లేదు” అని అమ్మ కాలు వెనక్కి లాక్కుంది. డాక్టరమ్మ ఊరుకోలేదు. స్టూలు జరుపుకొని కాలు ఒళ్లోకి తీసుకుంది. “అయ్యో, నా కాలు ముట్టుకోబాకమ్మా” అంటానే ఉంది అమ్మ.

మడమ పక్కన నల్లటి మచ్చ. చిన్నప్పటి నుంచీ ఉన్నదే అనేది అమ్మ. అరికాల్లో మచ్చున్నోళ్లు దేశాలు తిరుగుతారంటారు. అమ్మ తిరిగింది. డెల్టాలో వరికోతలకీ, పల్నాట మిరపకోతలకీ, ఉత్తకాళ్లతో. డాక్టరమ్మ మచ్చ చుట్టూ బొటనవేలు తిప్పుతుంటే నాకు మా తాత కనిపించాడు. లందలో సున్నం, తంగేడు చెక్క మధ్య బతికిన మనిషి. గొడ్డు తోలు మీద చెయ్యి తిప్పి ఎక్కడ పుండు పడి మానిందో చెప్పేవాడు. తోలు తెలిసినందుకు ఆయన్ని ఊరవతల ఉంచారు. తోలు తెలిసిన ఈమెకి బయట ముప్పైమంది దణ్ణం పెట్టి కూచున్నారు.

“ఇది పెరిగిందా?” అంటే రెండేళ్లుగా పెరుగుతుందని అమ్మ అప్పుడు చెప్పింది. అంచు వంకరటింకర, రంగు ఒకచోట నలుపు, ఒకచోట గోధుమ. పుట్టుమచ్చలు చాలావరకు ఏమీ చెయ్యవు. కానీ రెండు సగాలూ ఒకే తీరున లేకపోయినా, అంచు చెదిరినా, రంగులు కలిసినా, ఆరు మిల్లీమీటర్లు దాటినా, మారుతున్నా చూపించుకోవాలి. నల్లటి ఒంటికి మెలనోమా అనే కాన్సరు అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. ఎండ పడనిచోట. జమైకా పాటగాడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది. బంతాటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981లో పోయాడు, ముప్పయ్యారేళ్లకే. వైద్యం పుస్తకాల్లో చర్మం బొమ్మలు ఎక్కువగా తెల్లోళ్లవే ఉంటే నల్లకాలి మీద మచ్చని ఎవరు పోల్చుకుంటారు? లండన్‌లో మలోన్ ముక్వెండే అనే నల్లజాతి వైద్యవిద్యార్థి 2020లో నల్ల చర్మం మీద జబ్బులెట్లా కనిపిస్తాయో చూపే పుస్తకం తెచ్చాడు.

బయటికి రాగానే అమ్మ అడిగిన మొదటి మాట: “ఆమె మనోళ్లా?”

“అడగలేదమ్మా.”

“మనోళ్లే అయ్యుంటది.”

నాది మామూలు మచ్చే అని తేలింది. అమ్మది కాదు. గుంటూరులో మడమ కోసి, తొడ మీది చర్మం తీసి అతికారు. గజ్జల్లోకి పాకలేదన్నారు. మంచం మీద కట్టు చూసుకుంటూ అమ్మ “మీ తాత పాతచెప్పుకి అతుకేసినట్టే ఏశార్రా” అని నవ్వింది. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

అతుకు పలచన, ఉత్తకాలితో నడవొద్దని ఎంసీఆర్ చెప్పులు రాశారు. పల్లె దాటి ఊళ్లోకి రాగానే అమ్మ చెయ్యి అలవాటుగా చెప్పుల మీదికి వంగింది. మొదటి నెల నేను పక్కనుండి ఆపాను. తర్వాత ఒకనాడు ఆమె ఒక్కతే పెద్దవీధిలో పోతుంటే అరుగు మీది ముసలామె “ఏందే, కాళ్లకి చెప్పులొచ్చినయ్యే?” అందట.

“డాక్టరమ్మ ఇప్పొద్దంది” అని చెప్పి, అమ్మ ఆగకుండా నడిచిపోయిందట.