యాస విని నవ్విన జనం, విల్ రోజర్స్ జవాబు



మూకీ సినిమాల్లో కామెడీ అంటే మనకి చార్లీ చాప్లిన్ ఒక్కడే గుర్తొస్తాడు. అదే కాలంలో ఒక ఆదివాసీ కూడా అమెరికాని నవ్వించాడు. పేరు విల్ రోజర్స్, చెరోకీ తెగ. డిగ్రీ అయిపోయేదాకా నాకు ఆయన పేరు కూడా తెలీదు, అందుకే రాస్తున్నా.

1879లో చెరోకీ నేషన్‌లో పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు ఓక్లహోమా రాష్ట్రంలో ఉంది. పేదింటి పిల్లాడేం కాదు. వాళ్ళ నాన్న పశువులు తెగ ఉమ్మడి భూమిలో వేల ఎకరాల్లో మేసేవి. తర్వాత ప్రభుత్వం ఆ ఉమ్మడి భూమిని ముక్కలు చేసి తలా కొంత రాసిచ్చింది. మేత భూమి చేజారింది. భూమి కథ మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆయనకి మిగిలిన విద్య తాడు విసరడం. చిన్నప్పుడు డాన్ వాకర్ అనే నల్లజాతి కౌబాయ్ దగ్గర నేర్చుకున్నాడు. దక్షిణాఫ్రికాలో ఒక సర్కస్‌లో చేరి 'చెరోకీ కిడ్' అనే పేరుతో ఆడాడు. 1905లో న్యూయార్క్ వెళ్ళి వాడెవిల్‌లో చేరాడు. వాడెవిల్ అంటే పాట, డాన్సు, గారడీ, జోకులు అన్నీ ఒకే టికెట్ మీద వరసగా చూపించే స్టేజీ షో. స్టేజీ మీదికి గుర్రాన్ని రప్పించి, పరిగెత్తే గుర్రానికి తాడు వేసేవాడు. మాట మాత్రం మాట్లాడేవాడు కాదు.

ఒకరోజు చేయబోయే ట్రిక్ ఏంటో నోటితో చెప్పాడు. ఆ సాగదీసే యాస విని హాలంతా నవ్వింది. ఆయనకి చాలా అవమానమైంది.

ఆ నవ్వు నాకు తెలుసు. ఇంట్లో మేం కోయ మాట్లాడతాం. ఫస్టియర్‌లో లేచి జవాబు చెప్తే, జవాబు కరెక్టే, కానీ క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు. ఆ ఏడాదంతా తెలిసిన జవాబుకి కూడా నేను చెయ్యెత్తలేదు.

విల్ మాత్రం మాట్లాడటం ఆపలేదు. తాడు తిప్పుతూ, అదే యాసలో పేపర్లో వచ్చిన రాజకీయాల మీద జోకులేశాడు. తెగనీ దాచుకోలేదు. మేఫ్లవర్ ఓడలో వచ్చిన తాతల గురించి గొప్పలు పోయేవాళ్ళతో, మా వాళ్ళు ఆ ఓడకి ఒడ్డున ఎదురెళ్ళారని అనేవాడు.

1918లో సినిమాల్లోకి వెళ్ళాడు. అక్కడ గొంతే లేదు! దాదాపు 50 మూకీ సినిమాలు చేశాడు. తెర మీద వచ్చే మాటల కార్డులు చాలావాటికి తనే రాసుకున్నాడు. సొంత డబ్బు పెట్టి 'ది రోపిన్ ఫూల్' లాంటివి తీసి బాగా నష్టపోయాడు కూడా. 1929లో టాకీల్లోకి వచ్చాక జనం అదే యాస వినడానికి టికెట్ కొన్నారు. 1934లో అమెరికా బాక్సాఫీసులో నంబర్ వన్ ఆయనే. మరుసటి ఏడాది అలాస్కాలో విమాన ప్రమాదంలో పోయాడు.

అందరికీ ఆయనకున్న స్టేజీ దొరకదు, నిజమే. ఫస్టియర్‌లో చేరిన మన తమ్ముడికో చెల్లికో ఉండేది క్లాసులో ఆ ఒక్క నిమిషమే. ఆ నిమిషంలో నవ్వకుండా వినే సీనియర్ ఒక్కరున్నా వాళ్ళు రెండోసారి చెయ్యెత్తుతారు.