నడుముకు మైకు ఉండగా గొంతుకు శ్రమ ఎందుకు?

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైన నాడు అధ్యాపకునికి గొంతే సాధనం. నేడు ఆ ప్రాంగణంలోనూ, పక్కనున్న తార్నాక కాలనీ సభల్లోనూ వక్తలు కాలర్ మైకు పెట్టుకొని, దాని ట్రాన్స్‌మిటర్‌ను నడుముకు తగిలించుకొంటున్నారు. అయినా పలువురు అరిచే మాట్లాడుతున్నారు. వైద్యునిగా నాకది బాధ కలిగిస్తుంది.

మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు పురుషులలో సుమారు 100 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. అరిస్తే ఒకదానినొకటి గట్టిగా తాకుతాయి. ఏళ్ల తరబడి ఆ ఒరిపిడి సాగితే, పలుగు పట్టిన చేతులవలె అవీ కాయలు కాస్తాయి, గొంతు బొంగురుపోతుంది.

కనుక మైకును గడ్డానికి జానెడు లోపు దిగువన అమర్చుకొని, ఎదుటివారితో ముచ్చటించినట్లే మాట్లాడండి. వెనుక వరుసకు వినబడకుంటే శబ్దం పెంచవలసినది ఆపరేటరు, మీరు కాదు.

సభకు ముందే కొత్త బ్యాటరీలు వేయించండి. అవి నడుమ నీరసిస్తే శ్రమ మళ్లీ గొంతుదే. పెట్టెకు చెమట తగలనీయకండి, యాంటెనాను మడవకండి. పేస్‌మేకర్ ఉన్నవారు దానిని ఛాతీ జేబులో ఉంచరాదు. వాడకం లేనప్పుడు బ్యాటరీలు తీసివేయండి. ఆల్కలైన్ బ్యాటరీ నుండి కారే పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్నీ, కళ్లనూ కాలుస్తుంది. తగిలితే ధారగా నీటితో కడగండి. కంట్లో పడితే, బాగా కడిగి వెంటనే వైద్యుని చూడండి.

బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకుంటే, ముఖ్యంగా పొగ త్రాగేవారు, చెవి ముక్కు గొంతు నిపుణునిచే స్వరపేటికను పరీక్ష చేయించుకోవాలి. మైకు చెడితే మరొకటి కొనవచ్చు, స్వరతంత్రులను కొనలేము.