మా వారి వెదురు గడ

హనుమాన్ జంక్షన్ అనగానే రైళ్ళు కలిసే చోటనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ కలిసేవి రైళ్ళు కావండీ, రోడ్లు. బెజవాడ నుంచి ఏలూరు వెళ్ళే పెద్దరోడ్డును ఇటు గుడివాడ రోడ్డూ, అటు నూజివీడు రోడ్డూ వచ్చి కలుసుకుంటాయి. రైలు స్టేషనూ లేకపోలేదు గాని, దాని పేరు నూజివీడు! ఊరికి పేరిచ్చింది కూడలిలో వెలసిన ఆంజనేయస్వామి.

సంక్రాంతి ముందూ వెనకా పల్లపు ఊళ్ళ నుంచి వరిగడ్డి లారీలు ఆ స్వామి ముందుగానే మెట్టకు పోతుంటాయి. లారీ కనపడదు, గడ్డివామి తనంతట తానే నడిచిపోతున్నట్టుంటుంది. సురస నోట్లోకి వెళ్ళవలసి వచ్చినప్పుడు స్వామి బొటనవేలంత అయిపోయాడట. పాపం, గడ్డి లారీకి ఆ విద్య తెలియదు.

మాకు రెండు లారీలున్నాయి. వాటితోపాటు మా వారికో వెదురు గడ ఉంది. మోయడానికి వీలుగా రెండు ముక్కలు చేయించి, మధ్యలో ప్లాస్టిక్ గొట్టం బిగించారు. లోడు ఎత్తు కొలిచి, దాని మీద మరో జానెడు కలిపి గుర్తు పెడతారు. గతుకులో లారీ ఎగిరితే ఆ జానెడే కాపాడుతుందట. కిరాయి కుదరగానే, బండి బయలుదేరక ముందే, స్కూటరు మీద ఆ దారంతా తిరిగి వస్తారు. వెనక గడ పట్టుకుని కూర్చునే ఉద్యోగం నాది. “పిన్నిగారూ, మునక్కాయలు కోయడానికా?” అని అడిగినవాళ్ళు ఎందరో! కరెంటు తీగల దగ్గర మాత్రం గడ సంచీలోంచి బయటికి రాదు. అక్కడ లైన్‌మన్‌ను అడగవలసిందే.

ఇంత హంగామా దేనికని మొదట్లో నాకూ అనిపించేది. ఫోనులో దారి చెప్పే అమ్మాయి ఉందిగా! కాని ఆ అమ్మాయి దగ్గర దారి చెబుతుందే తప్ప, “మీ బండి ఎత్తెంత బాబూ?” అని ఒక్కనాడూ అడగదు. అండర్ బ్రిడ్జి కింద 5 మీటర్లు, పట్టణాల్లో అయిదున్నర ఖాళీ ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1974లోనే చెప్పింది. అంతకు ముందు కట్టినవీ, పొలాలకు పోయే దారిలో చిన్నగా వేసినవీ ఆ లెక్కకు లొంగుతాయా? 1989 నాటి మోటారు నిబంధనల ప్రకారం లారీ ఎత్తు 3.8 మీటర్లు, అంటే సుమారు పన్నెండున్నర అడుగులు. 2020లో దాన్ని కొంత సడలించారు. గడ్డి కట్టేవాళ్ళు ఎవరి సడలింపు కోసమూ ఆగరనుకోండి.

రైలు గేటు సంగతి వేరు. కరెంటు లైనున్న చోట గేటుకు రెండువైపులా రోడ్డుకు అడ్డంగా ఎత్తున ఒక కమ్మీ ఉంటుంది, చూసే ఉంటారు. దాని కింద ఖాళీ 4.67 మీటర్లు. లోపలి తీగ గేటు దగ్గర అయిదున్నర మీటర్ల ఎత్తున ఉన్నా, అందులో పారేది 25,000 వోల్టులు. తాకనక్కరలేదు, దగ్గరకు వెళితే చాలు. అందుకని కమ్మీ ముందే ఆపేస్తుంది. దాన్ని తిట్టుకునే డ్రైవర్లను చూస్తే మా వారికి ఒళ్ళు మండుతుంది.

ఎత్తు లెక్కలో మరో తమాషా కూడా ఉంది. బరువుతో ఉన్న లారీ కమాన్‌కట్టలు అణిగి కిందికి దిగుతుంది. ఒక వంతెన కింద దూరి వెళ్ళిన కంటైనరు లారీ, సరుకు దించి ఖాళీగా తిరిగి వస్తూ అదే వంతెనకు తగులుకోవచ్చు! ఇరుక్కుంటే టైర్లలో గాలి తీసి బయటికి లాగాలి.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాడు. అక్కడ డర్హమ్‌లో 1940 నాటి రైలు వంతెన ఒకటుందట. ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు. దానికి లారీలు తగులుతుంటే 2008 నుంచి ఒకాయన కెమెరా పెట్టి లోకానికంతా చూపించాడు. ఎత్తు బండి వస్తే ఎర్రదీపం వెలిగే ఏర్పాటు చేశారు. 2019లో వంతెననే 8 అంగుళాలు లేపారు. ఆ తర్వాత కూడా తగిలాయి! “పెద్దమ్మా, పెదనాన్నను గడతో సహా ఇక్కడికి పంపు” అన్నాడు వాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఇక్కడ మన లారీల పైన మనుషులుంటారు. గడ్డి దించే కుర్రాళ్ళు లోడు మీదే పడుకుని వెళతారు. చల్లగా ఉంటుంది, బస్సు చార్జీ మిగులుతుంది. కొన్నేళ్ళ క్రితం ఇంకెవరి లారీ మీదనో మా వీధి అబ్బాయి అలాగే వెళ్ళాడు. వంతెన వచ్చినప్పుడు బుద్ధిగా పడుకునే ఉన్నాడు. దాటిపోయిందనుకుని తల ఎత్తాడు. అవతలి వైపు కమ్మీ ఇంకా ఉంది. బతికాడు గాని మాట సరిగా తిరగదు. వాళ్ళమ్మ రోజూ పాలు పోయడానికి మా గుమ్మం ముందునుంచే వెళుతుంది.

అప్పటినుంచి మా లారీల మీద మనిషిని ఎక్కనివ్వరు. బస్సు చార్జీలు మావే. కిరాయి కుదిర్చే ఆయన, “మీలా లెక్కలు వేస్తే గడ్డి వామిలోనే మురిగిపోతుంది బాబాయ్” అని రెండు బేరాలు ఇంకొకరికి ఇచ్చేశాడు. ఇంటి పద్దు రాసేదాన్ని గనక ఆ రెండు బేరాల విలువ నాకు బాగా తెలుసు. అయినా మా వారితో పేచీ పెట్టుకోలేదు.

ఈ ఏడు సంక్రాంతి వెళ్ళాక తిరువూరు వైపు ఒక లోడు కుదిరింది. దారిలో ఒక చిన్న రైలు వంతెన. ఊరి పేరు వద్దులెండి. నిరుడు దాని కిందనుంచే వెళ్ళాం. మా వారు గడ నిలబెడితే పైన దూలానికి టక్కున తగిలింది. లోడు ఎత్తు మారలేదు, వంతెన కిందికి దిగలేదు. కింద చూద్దుము గదా, రోడ్డు మీద నల్లగా కొత్త తారు! పాత రోడ్డు తవ్వకుండానే పైన వేసేశారు. గోడ మీద రాసిన ఎత్తు మాత్రం పాతదే.

“నిరుడు పోయింది గదా, ఇప్పుడెందుకు పోదు?” అన్నాడు గడ్డి కొన్న ఆసామి ఫోనులో. చుట్టుదారికి అయ్యే డీజిలు తను ఇవ్వనన్నాడు. మా వారు సరేనన్నారు. డ్రైవరు గొణుక్కుంటూనే నూజివీడు దాటి ఎటో తిరిగి, పొద్దు వాలాక చేరాడు. బస్సులో వెళ్ళిన నలుగురు కుర్రాళ్ళూ అప్పటికే ఆసామి పాకలో భోజనాలు చేసి నిద్రపోతున్నారట.