యుద్ధం దిద్దించిన అక్షరాలు

కొత్త భాష మొదలుపెడితే ముందు నమస్కారం చెబుతారు. తర్వాత నీళ్లు, రొట్టె, అంకెలు. గుంటూరు దగ్గరి పల్లెటూరి అమ్మాయీ, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరపు బామ్మా కలిసి నేర్చుకున్న భాషలో మాత్రం ఏ పాఠం ఎప్పుడు రావాలో యుద్ధమే నిర్ణయించింది.

2024 నవంబరు. రాత్రి రెండు గంటలు. పత్తి చేల మధ్య ఉన్న ఆ ఇంట్లో ఉన్నట్టుండి సైరన్ మోగింది. కొత్తలో అయితే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేచేవారు. ఇప్పుడు అలవాటైపోయింది. 'మళ్లీనా తల్లీ?' అంది పక్కగదిలోంచి అమ్మ. 'ఆ అమ్మా, ఖార్కివ్‌లో' అంటూ కూతురు దిండు కింద నుంచి ఫోను తీసింది. 'పొవిత్ర్యాన త్రివోహ' అంటోంది అందులోని గొంతు. గగనతల దాడి హెచ్చరిక!

ఉక్రెయిన్‌లో చాలామంది ఫోన్లలో ఉండే ఆప్ అది. ప్రాంతాన్ని ఎంచుకుంటే అక్కడ దాడి హెచ్చరిక రాగానే మోగుతుంది. ఇంగ్లిషులో కావాలనుకునేవారి కోసం 'స్టార్ వార్స్' నటుడు మార్క్ హామిల్ 2023లో గొంతు అరువిచ్చారు. ఈ అమ్మాయి మాత్రం ఉక్రెయినియన్ గొంతునే ఉంచుకుంది. బామ్మ వినేది ఏదో తనూ అదే వినాలని!

వెంటనే రెండు మాటలు టైప్ చేసింది. 'యాక్ వి?' ఎలా ఉన్నారు అని అర్థం. స్నేహితులైతే 'యాక్ తి?' అంటారు. మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నట్టే వాళ్లకీ 'తి', 'వి' ఉన్నాయి. పెద్దవాళ్లను 'వి' అనాల్సిందే. ఒకప్పుడు ఇది మాట కలపడానికి అడిగే మామూలు ప్రశ్న. 2022 ఫిబ్రవరి 24 తర్వాత దానికి 'బతికే ఉన్నారా?' అనే అర్థం కూడా వచ్చింది. జవాబుకు పెద్ద వాక్యాలు అక్కర్లేదు. కూడిక గుర్తు ఒక్కటి పెడితే చాలు. ఐదు నిమిషాలకు అది వచ్చింది... '+'.

అమ్మాయి ఫోను పక్కన పెట్టి కళ్లు మూసుకుంది.

రొట్టె ఇచ్చి పంపింది

ఆమె వైద్యవిద్య కోసం ఖార్కివ్ వెళ్లింది 2018లో. చదువు ఇంగ్లిషులోనే. కానీ బజారులో ఉల్లిపాయలు కొనాలన్నా, ఆసుపత్రిలో రోగి నొప్పి ఎక్కడో తెలుసుకోవాలన్నా స్థానిక భాష రావాలి. రష్యా సరిహద్దుకు నలభై కిలోమీటర్ల లోపే ఉన్న ఖార్కివ్‌లో అప్పట్లో ఎక్కువగా వినిపించింది రష్యన్. అందుకే అవసరానికి సరిపడా రష్యన్ నేర్చుకుంది. హాస్టల్ వదిలి స్నేహితురాళ్లతో కలిసి ఓ బామ్మ ఇంట్లో గది తీసుకున్నాక ఆ కాస్త భాషా మెరుగుపడింది. బామ్మ బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడా ఇంట్లో రష్యనే మాట్లాడేవారు.

ఫిబ్రవరి 24 తెల్లవారుజామున ఆవిడే తలుపు కొట్టి లేపారు. ఆ తర్వాత దాదాపు వారం రోజులు మెట్రో స్టేషన్‌లోనే మకాం. 'ఉక్రిత్త్యా' అనే మాట ఆమె అక్కడే నేర్చుకుంది. తలదాచుకునే చోటు అని అర్థం. మార్చి 1న ఖార్కివ్‌లోనే కర్ణాటకకు చెందిన ఓ వైద్య విద్యార్థి దాడిలో చనిపోయాడు. మర్నాడు, ఉన్నపళంగా నగరం వదలమని భారత రాయబార కార్యాలయం హెచ్చరించింది. బండి దొరక్కపోతే నడిచైనా సరే పిసోచిన్ చేరుకోవాలంది. బయల్దేరుతుంటే బామ్మ ఓ గుండ్రటి రొట్టెను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టారు. మంచులో నడక, బస్సులు, సరిహద్దు దగ్గర పడిగాపులు, చివరికి ఆపరేషన్ గంగ విమానం... ఇల్లు చేరేసరికి సంచిలో మిగిలింది ఆ గుడ్డే.

ఇంటికొచ్చిన మర్నాడే ఫోన్ చేసి తనకొచ్చిన రష్యన్‌లో 'కాక్ దెలా?' అని అడిగింది. ఎలా ఉన్నారు అని. అవతల కాసేపు మౌనం. తర్వాత బామ్మ ఉక్రెయినియన్‌లో, మధ్యమధ్య మాటలు వెతుక్కుంటూ చెప్పిన సంగతి ఆమెకు సగమే అర్థమైంది. మిగతా సగం తర్వాతెప్పుడో తెలిసింది. 'మా అమ్మ నన్ను జోకొట్టింది రష్యన్‌లోనే. ఆ భాషను ద్వేషించడం నావల్ల కాదు. కానీ ఆ భాష మాట్లాడేవాళ్లను కాపాడటానికే వచ్చామంటూ నా ఇంటి కిటికీలు పగలగొట్టారు. ఇక నేను ఆ భాషలో మాట్లాడను తల్లీ' అన్నారట.

డెబ్భై దాటిన టీచరు అలా మళ్లీ విద్యార్థి అయ్యారు. ఇక్కడ ఈ అమ్మాయి రెండో విద్యార్థి!

అమ్మమ్మా... అన్న పిలుపు

ఆశ్చర్యం ఏంటంటే కొన్ని పాఠాలు బామ్మ కన్నా ఈ అమ్మాయికే తేలిగ్గా వచ్చాయి. ఉక్రెయినియన్‌లో ఏడు విభక్తులు. అందులో ఒకటి పిలవడానికే ప్రత్యేకం. మన సంబోధన ప్రథమా విభక్తి లాంటిది. 'అమ్మమ్మ'ను పిలిచేటప్పుడు మనం 'అమ్మమ్మా' అని సాగదీస్తాం కదా, వాళ్లూ 'బబూస్యా'ను పిలవాలంటే 'బబూస్యు' అంటారు. రష్యన్‌లో ఈ పద్ధతి చాలావరకు పోయింది. అందుకే బామ్మ తరచూ మర్చిపోయేవారు. తెలుగమ్మాయి ఒక్కసారి కూడా తప్పలేదు. 'బబూస్యు' అని పిలిచిన మొదటిరోజు బామ్మ 'దోన్యు' అని బదులిచ్చారు. అంటే 'బిడ్డా' అని.

నిజానికి ఈ భాష దెబ్బలు తినడం కొత్తేమీ కాదు. ఉక్రెయినియన్‌లో మతగ్రంథాలు, బడి పుస్తకాలు అచ్చువేయకూడదని రష్యా సామ్రాజ్యం 1863లో కట్టడి చేసింది. 1876లో ఇంకా బిగించింది. సోవియట్ కాలంలో ఖార్కివ్ 1934 దాకా ఉక్రెయిన్ రాజధాని. ఆ భాషకు ఒకే రాతపద్ధతి ఉండాలని 1927లో పండితులు సమావేశమైందీ అక్కడే. అలా రూపుదిద్దుకున్న వర్ణమాలలోంచి 1933లో మాస్కో పాలకుల హయాంలో ఓ అక్షరాన్నే తీసేశారు. మన 'గ'లా పలికే ఆ అక్షరం తిరిగొచ్చింది 1990లో!

అదే నగరంలో రచయితల కోసం 1920ల చివర్లో 66 ఫ్లాట్లతో ఓ భవనం కట్టారు. పేరు 'స్లోవో'. అంటే 'మాట' అని అర్థం. అందులో కాపురమున్న ఎంతోమంది రచయితలను 1930లలో స్టాలిన్ పోలీసులు పట్టుకెళ్లారు. చాలామందిని కాల్చి చంపారు. 2022 మార్చిలో జరిగిన దాడిలో ఆ భవనమూ దెబ్బతింది. బామ్మ ఇవన్నీ ఫోన్లో పాఠంలా చెప్పేవారు. 'ఇన్నేళ్లు ఆ వీధిలోంచే బడికి వెళ్లాను. ఒక్కరోజూ తలెత్తి చూడలేదు' అని బాధపడేవారు.

నోరు తిరగని రొట్టె

బామ్మ ఆ రోజు సంచిలో పెట్టిన గుండ్రటి రొట్టె పేరు 'పల్యనిత్స్యా'. చివరి అక్షరాన్ని మెత్తగా పలకాలి. రష్యన్ అలవాటైన నోటికి అది 'పల్యనిత్సా' అయిపోతుంది. యుద్ధం మొదలైన కొత్తలో అనుమానం వచ్చిన మనిషిని ఈ మాట పలకమని అడగడం ఉక్రెయిన్‌లో మామూలైపోయింది. బైబిల్‌లో న్యాయాధిపతుల గ్రంథం చదివినవారికి 'షిబ్బోలెతు' కథ తెలిసే ఉంటుంది. ఆ మాటను సరిగ్గా పలకలేనివారిని శత్రువులుగా పోల్చుకుని నది రేవు దగ్గరే చంపేశారు. మన దగ్గర 'ళ' పలకలేకపోతే నలుగురూ నవ్వుతారు. అంతటితో సరి. యుద్ధంలో ఉచ్చారణ ప్రాణం మీదికి వస్తుంది.

బామ్మ అద్దం ముందు నిలబడి ఆ మాటను వందలసార్లు పలికి చూసుకున్నారట. 'లెక్కల్లో ఇంత కష్టపడి ఉంటే ప్రొఫెసర్‌నయ్యేదాన్ని' అని నవ్వారు. 2024 ఆగస్టు 24న, ఉక్రెయిన్ స్వాతంత్ర్య దినోత్సవాన, అధ్యక్షుడు జెలెన్‌స్కీ తమ దేశం తయారుచేసిన కొత్త ఆయుధం పేరు ప్రకటించారు... పల్యనిత్స్యా! అప్పుడు బామ్మ ఒకటే అన్నారు. 'నాకు మాత్రం అది రొట్టెగానే ఉండాలి దోన్యు.'

పత్తి పూసింది!

ఓరోజు బామ్మ హుషారుగా ఫోన్ చేసి 'రాత్రి అటువైపు బవోవ్న' అన్నారు. నిఘంటువులో చూస్తే 'పత్తి' అని ఉంది. పత్తి రైతు కూతురికి అది అర్థం కాలేదు. మంచు దేశంలో, అర్ధరాత్రి, పత్తా?

దాని కథ వేరే. తమవైపు జరిగే పేలుళ్లను రష్యా ప్రసార సాధనాలు పేలుడు అని చెప్పకుండా 'టప్‌మన్న చప్పుడు' అనే అర్థమొచ్చే మాటతో సరిపెట్టేవి. ఆ మాటకూ, రష్యన్‌లో పత్తికీ అక్షరాలు ఒకటే. పలికేటప్పుడు ఊనిక మారుతుందంతే. దాన్ని కావాలనే తప్పుగా అనువదించి ఉక్రెయిన్ జనం నవ్వుకున్నారు. అలా శత్రువు ఆయుధాగారం పేలితే 'పత్తి' అయింది. విషయం తెలిశాక నాన్నకు చెబితే ఆయన నవ్వలేదు. 'పత్తి పేరు దానికెందుకు పెట్టారమ్మా' అన్నాడు.

ఇలాంటి మాటలు ఎన్నో. 'ప్రిలీత్' అంటే రాక. పక్షులు వలస వచ్చినా, విమానం దిగినా ఆ మాటే వాడేవారు. ఇప్పుడు దానికి క్షిపణి వచ్చి పడటం అనే అర్థమూ ఉంది. ఇరాన్ నమూనా షాహెద్ డ్రోన్లను 'మోపెడ్లు' అంటారు, చప్పుడు అలా ఉంటుందని. అత్యవసరానికి సర్దిపెట్టుకున్న సంచి 'ఆందోళన పెట్టె'. కిందికి పరుగెత్తే వీలు లేకపోతే 'రెండు గోడల నియమం' పాటించాలి. బయటికీ మనకూ మధ్య కనీసం రెండు గోడలు ఉండేలా చూసుకోవాలన్నమాట. అందుకే నడవాలోనో స్నానాలగదిలోనో పడుకుంటారు. 'స్వీత్లో' అంటే వెలుగు. విద్యుత్ కేంద్రాలపై 2022 అక్టోబరు 10 నుంచి పెద్దఎత్తున దాడులు మొదలయ్యాక 'స్వీత్లో యే?' అన్నది ఇంటింటి ప్రశ్న అయిపోయింది. 'కరెంటుందా?' అని మనం అడుగుతామే, అదే.

ఇలా అర్థాలు మారిన మాటలను లివివ్ నగరానికి చెందిన కవి ఒస్తాప్ స్లివిన్‌స్కీ పోగేశారు. యుద్ధం మొదలైన రోజుల్లో రైల్వేస్టేషన్‌లో దిగుతున్న నిరాశ్రయులకు సాయం చేస్తూ వాళ్లు చెప్పుకున్న సంగతులు విన్నారు. ఒక్కో మాట కింద ఒక్కొక్కరి అనుభవం రాసి 'యుద్ధ నిఘంటువు'గా తెచ్చారు. బామ్మకు నిఘంటువు అక్కర్లేకపోయింది. నలభై ఏళ్లు పాఠం చెప్పిన అంకెలే ఆవిడ దగ్గర మాట మార్చేశాయి. సైనికుల భాషలో 300 అంటే గాయపడినవాడు. 200 అంటే ప్రాణం పోయినవాడు. అఫ్గానిస్థాన్‌లో పోరాడిన సోవియట్ సైన్యం నాటి సంకేతాలవి. 2023లో ఓరోజు ఆవిడ దగ్గర చదువుకున్న కుర్రాడొకడు 200 అయ్యాడని తెలిసింది. 'వాడికి ఎక్కాలు నేర్పింది నేనే' అని ఫోన్ పెట్టేశారు. తర్వాత రెండు వారాలు పాఠాలు లేవు.

కూడిక గుర్తు రాని రాత్రి

అమ్మాయి మిగిలిన చదువును జార్జియాలో ముగించుకుని 2024లో ఇంటికొచ్చింది. ఇక్కడ వైద్యం చేయడానికి రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షకు చదువుతోంది. 'ఇక ఆ భాషతో పనేంటే? ఆ టైములో నాలుగు ప్రశ్నలు సాధన చేసుకోవచ్చు కదా' అంటారు బంధువులు. నిజమే. ఆ భాషతో ఉద్యోగం రాదు, మార్కులూ రావు. ఉన్నదల్లా అవతలి వైపు ఒంటరిగా ఉన్న ఓ మనిషి. పిల్లలు వేరే దేశంలో ఉన్నారు. రమ్మన్నా ఆవిడ ఇల్లు వదలనన్నారు.

2025 జనవరిలో ఓ రాత్రి ఫోన్ మోగింది. 'యాక్ వి?' అని పంపింది. ఐదు నిమిషాలు, పది, గంట... జవాబు లేదు. ఆ నిశ్శబ్దంలో అమ్మ లేచొచ్చి మంచం మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. మూడైంది. నాలుగైంది. కోడి కూసే వేళకు వచ్చింది... '+'. దాని కింద మరో రెండు మాటలు. 'స్వీత్లో లేదు.' కరెంటు పోయి, నెట్టూ పోయిందట. అంతే!

ఆ రోజు సాయంత్రం బామ్మ కొత్త పాఠం చెప్పారు. ఇంతకుముందు పడుకునేటప్పుడు 'ప్రశాంతమైన రాత్రి' అని చెప్పుకునేవారు. యుద్ధం వచ్చాక చాలామంది 'తిహోయి నోచి' అంటున్నారు. చప్పుడు లేని రాత్రి కావాలని! అంతకు మించి ఏమీ కోరుకోవడం లేదు. మనకు చప్పుడు లేని రాత్రి అడగకుండానే దొరుకుతుంది. కీచురాళ్లు, దూరంగా లారీ హారన్, తిరిగే ఫ్యాను. ఆ అమ్మాయి వాటన్నిటినీ విన్నది ఆ రోజే.

అప్పట్నుంచి వాళ్ల ఫోన్ సంభాషణలు ఆ మాటతోనే ముగిశాయి. ఓసారి అమ్మ కూడా ఫోను దగ్గరికొచ్చి 'తిహోయి నోచి' అంది, గుంటూరు యాసలో. అవతల బామ్మ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, మళ్లీ అర్ధరాత్రి సైరన్ మోగింది. నలభై నిమిషాలకు ఫోను ఇంకో మాట పలికింది. 'విద్బీయ్'. ప్రమాదం తప్పింది, ఇక బయటికి రావచ్చని అర్థం. అప్పటికి కూతురు చదివి చదివి పుస్తకం మీదే నిద్రపోయింది. పక్కగదిలోంచి అమ్మ లేచొచ్చి పుస్తకం తీసి, దుప్పటి కప్పి, లైటార్పింది.

'ఎవరే ఆ చప్పుడు?' అన్నాడు నాన్న నిద్రలోనే.

'ఏం లేదులెండి. విద్బీయ్. పడుకోండి' అంది అమ్మ.