ఛత్తా బజార్‌లో ఆగిపోయిన ప్రోగ్రామ్

నయాపూల్ దాటి పాతబస్తీలోకి దిగాక, సాలార్‌జంగ్ మ్యూజియంకు దగ్గర్లోనే ఛత్తా బజార్. పెళ్ళి కార్డులు, బిల్లు బుక్కులు, పోస్టర్లు, ఏది అచ్చు వేయించాలన్నా ఊరంతా అక్కడికే వస్తుంది. ఒకప్పుడు ప్రతి దుకాణంలో ఒక కాతిబ్ నేల మీద కూచుని ఖలంతో ఉర్దూ రాసేవాడు. 1990ల తర్వాత ఆ జాగాలో ఉర్దూ అక్షరాలు కూర్చే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్ వచ్చింది. ఆ కంప్యూటర్లు షోరూముల్లో కొన్నవి కావు. చాలామటుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఉన్న డబ్బును బట్టి ఒక్కో ముక్కా ఏరుకొచ్చి బిగించినవి. ఈ సంగతి నాకు తెలుసు. శాలిబండలో పుట్టిపెరిగినవాణ్ణి, తెలియకేం? తెలిసి కూడా ఆ దుకాణాల కోసం ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఆ పెట్టెల్లో ఏ చిప్ ఉందో ఆలోచించలేదు.

ప్రోగ్రామ్ చేసే పని చిన్నదే. కాతిబ్ చేత్తో రాసిన పాత బిస్మిల్లానో, తాతల నాటి శుభలేఖ మీది బొమ్మనో స్కాన్ చేస్తే కాగితం పసుపు, మరకలు, వెనక పేజీ సిరా నీడ అన్నీ వచ్చేస్తాయి. వాటిని తీసేసి నలుపు గీతలు మాత్రం నిలపాలి. ఏ4 కాగితాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు 3.5 కోట్ల చుక్కలు. ప్రతి చుక్కకూ చుట్టుపక్కల సగటు ఎంతో కట్టి, అది సిరానా మరకనా తేల్చాలి. వేగం మీద యావ పుట్టడానికి ఇంతకంటే సాకు ఏం కావాలి?

విండోస్ మీద మింగ్‌డబ్ల్యు జీసీసీ అనే కంపైలర్‌తో కట్టాను. వేగం పెంచమనే ‘ఓ3’ ఆప్షన్ పెట్టాను, పక్కన ‘మార్చ్=నేటివ్’ చేర్చాను. ఈ రెండోది 2007లో జీసీసీ 4.2తో వచ్చింది. ‘ఇప్పుడు నువ్వు ఏ ప్రాసెసర్ మీద నడుస్తున్నావో దాన్ని అడిగి చూడు, దానికి ఏమేం వచ్చో అవన్నీ వాడుకో’ అని కంపైలర్‌కు చెప్పడమే దాని అర్థం. నా ల్యాప్‌టాప్‌లో ఎనిమిదో తరం కోర్ ఐ5. దానికి ఏవీఎక్స్2 వచ్చు, అంటే ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో 32 చుక్కల మీద పని. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ చిప్‌లన్నిటికీ వచ్చిన ఎస్ఎస్ఈ2 అయితే 16 చుక్కలే. నా ల్యాప్‌టాప్‌లో పేజీ రెప్పపాటులో తేలిపోయింది. ఆ మురిపెంలోనే దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఛత్తా బజార్ పోయాను.

మొదటి దుకాణంలో నడిచింది. పక్క దుకాణంలో పెట్టాను, ప్రోగ్రామ్ తెరుచుకుంది. స్కాన్ చేసిన బొమ్మను ఇచ్చి బటన్ నొక్కగానే కిటికీ మాయం. మళ్ళీ నొక్కితే మళ్ళీ మాయం. దుకాణం చాచా నా మొహం చూస్తున్నాడు. యాంటీవైరస్ అడ్డం పడుతోందన్నాను. దాన్ని తీసేశాం, అదే తంతు. విండోస్ పాడైందన్నాను. ఆఖరికి ర్యామ్ చాలట్లేదని తేల్చాను. అప్పుడు నా గొంతులో పలికిన ధీమా ఇప్పటికీ చెవిలో ఉంది. పాపం ఆ మనిషి పార్క్‌లేన్ పోయి ఇంకో ర్యామ్ కార్డు కొని తెచ్చి బిగించుకున్నాడు. ప్రోగ్రామ్ ఎప్పటిలాగే బటన్ నొక్కగానే పోయింది.

“మీ సిస్టమే పాతది చాచా, మార్చేయండి” అన్నాను.

“ఇదే సిస్టంల ఇన్‌పేజ్ నడుస్తది, కోరల్ నడుస్తది, ఫొటోషాప్ నడుస్తది. నీదొక్కటే నడ్వదా బేటా?” అన్నాడాయన. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

జవాబు విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో మొదటిరోజు నుంచీ ఉంది. నేనే తెరిచి చూడలేదు. ఎక్సెప్షన్ కోడ్ సీ000001డీ, అంటే ప్రాసెసర్‌కు తెలియని ఇన్‌స్ట్రక్షన్. ఆయన చిప్ కోర్ 2 డుయో, 2006లో మొదలైన కుటుంబం. ఏవీఎక్స్2 ఇంటెల్ చిప్‌లలోకి వచ్చింది 2013లో, హాస్‌వెల్‌తో. నా కంపైలర్ ఆయన చిప్‌కు తెలియని ఆజ్ఞలతో ప్రోగ్రామ్ నింపింది. అలా నింపమన్నది నేనే. ర్యామ్‌కూ దీనికీ సుతరామూ సంబంధం లేదు. ఆ కార్డు డబ్బులు ఇవ్వబోతే చాచా తీసుకోలేదు. తీసుకుని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

అప్పుడు కూచుని జీసీసీ మాన్యువల్ చదివాను. చదవాల్సినదాన్ని పని చెడగొట్టాక చదవడం మా వృత్తిలో ఆచారం. అక్కడ రెండు వేర్వేరు ఆప్షన్లున్నాయి, నేను రెండిటినీ ఒకటే అనుకున్నాను. ‘మార్చ్’ అనుమతి సంగతి: ఫలానా చిప్‌కు వచ్చిన ఆజ్ఞలు ఏవైనా వాడొచ్చు, అవి లేని చిప్ మీద ప్రోగ్రామ్ నడవకపోయినా ఫర్వాలేదు అని ఒప్పుకోవడం. ‘ఎమ్‌ట్యూన్’ అభిరుచి సంగతి: ఉన్న ఆజ్ఞల్లోనే ఏది ముందు, ఏది తర్వాత, ఏ జోడీ ఏ చిప్‌కు చౌక అని చూసి అమర్చడం. ఎమ్‌ట్యూన్ తప్పితే ప్రోగ్రామ్ కాస్త నిదానిస్తుంది, అంతే. మార్చ్ తప్పితే చస్తుంది. పైగా మార్చ్‌కు ఒక చిప్ పేరిస్తే ఎమ్‌ట్యూన్ కూడా దాని వెంటే పోతుంది. ఎమ్‌ట్యూన్‌లో ‘జెనరిక్’ అని ఒకటుంది. జనం దగ్గర వాడుకలో ఉన్న ప్రాసెసర్లన్నిటికీ సుమారుగా నప్పేలా అమర్చమని దానర్థం. బజార్లో చిప్‌లు మారేకొద్దీ ఆ జెనరిక్ అర్థం కూడా కొత్త విడుదలల్లో మారుతుందని మాన్యువల్లోనే రాసి ఉంది. కంపైలర్ రాసేవాళ్ళు కూడా బజారు వైపు ఒక కన్నేసి ఉంచుతారన్నమాట.

ఆజ్ఞ తెలిసినంత మాత్రాన వేగం వస్తుందనుకోవడం కూడా పొరపాటే. పెక్స్‌ట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఏఎండీ మొదటి రెండు తరాల జెన్ చిప్‌లలో ఉంది. కానీ లోపల మైక్రోకోడ్‌తో ఈడ్చుకుంటూ నడుస్తుంది. 2020లో జెన్ 3 వచ్చాకే దానికి వేగం వచ్చింది. అంటే ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, వాడుకుంటే లాభమా నష్టమా అన్నది వేరే ప్రశ్న.

ఇంత తెలిశాక బుద్ధి వచ్చి ఉండాలి. రాలేదు. నేటివ్ తీసేసి ‘మార్చ్=హాస్‌వెల్’ పెట్టి ఒకటి, ఏ 64 బిట్ చిప్ మీదైనా నడిచే మామూలు ఎక్స్86-64తో ఒకటి, రెండు ప్రోగ్రాములు తయారుచేశాను. 2013 తర్వాతి కంప్యూటర్‌కు మొదటిది, అంతకుముందుదానికి రెండోది. సంవత్సరం చూసి చిప్‌ను అంచనా వేయొచ్చనుకున్నాను. ఒక దుకాణంలో పెంటియమ్ జీ4400, 2015లో వచ్చిన స్కైలేక్ తరం. కొత్తదే కదా అని మొదటిది ఇచ్చాను, ఠపీమని పోయింది. దాని పక్కనే అంతకంటే పాత నాలుగో తరం కోర్ ఐ5 మీద హాయిగా నడిచింది. ఇంటెల్ కంపెనీ అదే తరంలో కోర్ పేరుతో అమ్మేవాటికి ఏవీఎక్స్ ఇచ్చి, పెంటియమ్, సెలెరాన్ పేర్లతో అమ్మేవాటికి తీసేసేది. తర్వాత కొన్నేళ్ళపాటు డెస్క్‌టాప్ చిప్‌లలో ఇదే వరస. ఖరీదు తక్కువ చిప్ కొన్నవాడికి ఆజ్ఞలూ తక్కువే. పాతబస్తీలో ఎక్కువ అమ్ముడయ్యేవి ఏవో చెప్పక్కర్లేదు. ఏఎండీ, ఇంటెల్ రెండిటికీ ఇదే హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ ఆఫీసులున్నాయి. మూసీకి ఆ వైపు గీసిన చిప్‌లో ఏముందో ఈ వైపు కొన్నవాడి బిల్లు మీద రాసి ఉండదు.

సంవత్సరం పనికిరాదని తేలాక పేర్ల పట్టిక రాయబోయాను, ఫలానా మోడల్‌కు ఫలానా దారి అని. సగం రాశాక చదివిన ఒక పాత గొడవ నన్ను ఆపింది. ఇంటెల్ అమ్మే కంపైలర్ తయారుచేసిన ప్రోగ్రాములు నడిచేటప్పుడు చిప్ శక్తిని కాకుండా ముందు తయారీదారు పేరు చూసేవి. ఇంటెల్ అయితే వేగం దారి, ఏఎండీ అయితే అవే ఆజ్ఞలు వచ్చినా నిదానం దారి. డెన్మార్క్‌కు చెందిన ఆగ్నర్ ఫాగ్ దీన్ని విప్పి రాశాడు. 2009 నవంబరులో ఇంటెల్, ఏఎండీల మధ్య తగాదాలన్నిటికీ కలిపి జరిగిన 125 కోట్ల డాలర్ల రాజీలో ఈ వ్యవహారానికీ చోటుంది. 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, తమ కంపైలర్ ఇతరుల చిప్‌లను వేరుగా చూడొచ్చని ఇంటెల్ బాహాటంగా చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు చేసినదాంట్లో వ్యాపారం ఉంది. నా పట్టికలో బద్ధకం తప్ప ఏమీ లేదు. కానీ నష్టపోయే దుకాణదారుకు రెండూ ఒకటే.

సరైన దారి చాలాకాలంగా ఉన్నదే. ప్రోగ్రామ్ నడిచేటప్పుడే చిప్‌ను అడిగి, ఉన్నదాన్ని బట్టి దారి ఎంచుకోవాలి. లినక్స్‌లో జీసీసీ 6 నుంచి ఒక ఫంక్షన్ ముందు ‘టార్గెట్ క్లోన్స్’ అని రాస్తే వేర్వేరు చిప్‌లకు నకళ్ళు చేసి ఎంపిక కూడా అదే చూసుకుంటుంది. నేను వాడిన మింగ్‌డబ్ల్యులో ఆ సదుపాయం లేదు కాబట్టి ఎంపిక చేతితో రాసుకున్నాను. రాసుకుని మళ్ళీ పడ్డాను. చిప్‌ను అడిగాను, ఏవీఎక్స్2 ఉందంది. కానీ ఆ దుకాణంలో విండోస్ 7, సర్వీస్ ప్యాక్ 1 వేయనిది. ఏవీఎక్స్ వాడే పొడవాటి రిజిస్టర్లను ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కు మారేటప్పుడు విండోస్ దాచి పెట్టాలి. 2011లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1కు ముందున్న విండోస్ 7కు అది చేతకాదు. చిప్‌కు వచ్చినా విండోస్ తలుపు తెరవకపోతే ఆ ఆజ్ఞ చెల్లదు. జీసీసీలో ఉన్న ‘బిల్టిన్ సీపీయూ సపోర్ట్స్’ విండోస్ తలుపు తెరిచిందా అన్న ఈ రెండో ప్రశ్న కూడా అడుగుతుంది. దాన్ని వదిలేసి నేనే రాస్తానన్నది నా గొప్ప.

వీటన్నిటికంటే నన్ను ఏడిపించింది ఇంకొకటి. ఏవీఎక్స్2 భాగాన్ని వేరే ఫైల్లో పెట్టి, ఆ ఒక్క ఫైల్‌కే ఆ ఆప్షన్ ఇచ్చాను. బాగానే ఉందనుకున్నాను. పాత చిప్‌ల మీద కూడా చాలా బొమ్మలు తేలాయి. కొన్ని పెద్ద స్కాన్‌లకు మాత్రం పోతోంది. ఒక విడుదలలో పోయి, కోడ్‌లో ఏమీ మార్చకుండా తిరిగి కట్టిన విడుదలలో బాగుంటుంది. కారణం సీ++ హెడర్లు. చిన్నచిన్న టెంప్లేట్ ఫంక్షన్లు, వెక్టర్ అనే జాబితా పెరిగేటప్పుడు నడిచే కోడ్ లాంటివి, ఏ ఫైల్లో వాడితే ఆ ఫైల్లో ఒక నకలు తయారవుతుంది. చివర్లో ఫైళ్ళన్నిటినీ కలిపే లింకర్ వచ్చి, అన్నీ ఒకటే కదా అని ఒక్క నకలు ఉంచి మిగతావి పారేస్తుంది. అది ఉంచిన నకలు ఏవీఎక్స్2 ఫైల్లోది. మామూలు దారిలో పోతున్న ప్రోగ్రామ్, వెక్టర్ పెరగాల్సి వచ్చినప్పుడు ఆ నకలులోకి కాలు పెట్టి పడిపోతోంది. ఫైళ్ళ వరస మారితే లింకర్ ఎంపిక మారేది. అందుకే ఆ దోబూచులాట. చివరికి వేగం భాగాన్ని హెడర్లేమీ లేకుండా ఉత్త సీలో, బయటికి కనపడని స్టాటిక్ ఫంక్షన్లతో తిరిగి రాశాను. పాత చిప్‌లా నటిస్తూ తెలియని ఆజ్ఞ ఎదురైతే పట్టుకునే ఎస్‌డీఈ అనే ఎమ్యులేటర్ ఇంటెల్ దగ్గరే దొరుకుతుంది. ఏ విడుదలైనా ఇప్పుడు దాని గుండా పోవాల్సిందే.

2020లో ఏఎండీ, ఇంటెల్, రెడ్ హ్యాట్, సూసే వాళ్ళు కలిసి ఈ అయోమయానికి నాలుగు మెట్లు కట్టారు. మొదటిది అందరికీ ఉన్నది, రెండోదానిలో ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ వగైరా, మూడోదానిలో ఏవీఎక్స్2, నాలుగోది ఏవీఎక్స్-512. 2021లో జీసీసీ 11 నుంచి ఆ మెట్ల పేర్లే మార్చ్‌కు ఇవ్వొచ్చు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 రెండో మెట్టు మీద, 2025లో వచ్చిన 10 మూడో మెట్టు మీద నిలబడ్డాయి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 కూడా ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ లేని చిప్ మీద అసలు లేవదు. ఆ కంపెనీలు ఎవరిని దింపేస్తున్నాయో లెక్క చూసుకునే దింపుతాయి. నేను లెక్క చూడకుండానే ఆ పని చేశాను, అదీ మా బస్తీవాళ్ళనే.

చాచా దగ్గర ఇంకా ఆ కోర్ 2 డుయోనే. అందుకని నా ప్రోగ్రామ్ మొత్తం మొదటి మెట్టు మీదే ఉంది, ఎమ్‌ట్యూన్ జెనరిక్. సగటు కట్టే ఒక్క లూప్‌కు మాత్రం ఏవీఎక్స్2 నకలు పక్కన ఉంటుంది. రెండిటి మధ్య తేడా ఆయనకు ఎన్నడూ తెలియలేదు. అంత నాణ్యతతో పేజీ స్కాన్ చేయడానికి ఆ స్కానర్ తీసుకునే సమయంలో ఒక చాయ్ అయిపోతుంది. నేను గింజుకున్న వేగమంతా దానికి ముందో వెనకో కనపడకుండా పోతుంది. ఆయన అడిగేది వేరు. పసుపు కాగితం మీద ఎర్ర సిరాతో రాసిన పాత నికాహ్‌నామాలు వస్తున్నాయట, వాటిలో సిరా మరకలో కలిసి మాయమవుతోందట. రంగులను విడదీసే ఆ భాగం ఇంకా రాస్తున్నాను.