కోడ్‌లో కనపడని అక్షరాలు, మా బోరు మోటారు బోర్డు

ఈసారి ఎరువులు, పురుగుమందుల ముచ్చట కాదు. బోరు మోటారుకు ఆర్డునో బోర్డు పెట్టుకోవాలని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్న. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మన తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చిన్రు. అప్పుడే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం మొత్తుకున్నది. కారణం మీకు తెలిసిందే. కరెంటు ఆగకపోతే మోటారూ ఆగదు, బోరు ఎండేదాకా తోడుతనే ఉంటది. మాది నీళ్లు తక్కువున్న బోరు. గంట నడిస్తే పైపులో గాలి వస్తది, ఇంకాసేపు అట్లనే వదిలేస్తే కాయిల్ కాలిపోతది. ఈ సీజన్లో ఒకసారి రివైండింగ్ అయింది. వరి పొట్ట మీద ఉన్నది. రాత్రి మా ఆవిడ రెండుసార్లు లేచి టార్చిలైట్ పట్టుకుని పైపు దగ్గరికి పోతున్నది.

మోటారు ఒట్టిగా తిరిగితే తీసుకునే ఆంపియర్లు పడిపోతయి. ఆ సంగతి కనిపెట్టి ఆపేసి, అరగంట ఆగి మళ్లీ నడిపే బోర్డు కావాలి. బజార్లో రెడీమేడ్‌వి దొరుకుతయి గానీ, బోరబండలో రూములో ఉండి అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న మా మేనల్లుడు "మామా, నేనే చేసిస్త" అన్నడు. కరెంటు సెన్సారు, రిలే, ఆర్డునో అన్నీ కొనిపెట్టి, నేను కూడా ఎంఎంటీఎస్ ఎక్కి బోరబండ స్టేషన్లో దిగిన.

వాడి దగ్గర కోడ్ ఉన్నది. కోచింగ్ సెంటర్లో ఇచ్చిన పీడీఎఫ్ నుంచి కాపీ చేసింది. కంపైల్ నొక్కితే స్క్రీన్ కింద అంతా ఎరుపే. ప్రతి లైనుకూ ఒకటే మాట: స్ట్రే \302 ఇన్ ప్రోగ్రామ్, స్ట్రే \240 ఇన్ ప్రోగ్రామ్. వాడు రెండు రాత్రుల నుంచి బ్రాకెట్లు మార్చి, సెమికోలన్లు మార్చి, చివరికి లాజిక్కే తప్పని మొత్తం చెరిపేయబోతున్నడు. ఆ పని చేయకండి. ఈ ఎర్రర్ వచ్చిందంటే మీ లాజిక్ జోలికి కంపైలర్ ఇంకా పోనేలేదు.

'స్ట్రే' అంటే దారి తప్పి వచ్చి పడ్డది. వరి నారుమడిలో ఊద లాంటిది, చూడటానికి వరిలాగానే ఉంటది. ఇక్కడ ఊద ఏందంటే ఖాళీ. మనం కీబోర్డు మీద కొట్టే స్పేస్ ఒకటి, వెబ్‌పేజీల్లో, వర్డ్ ఫైళ్లలో వాడే నో బ్రేక్ స్పేస్ ఇంకొకటి. వెబ్‌పేజీలో మామూలు స్పేసులు వరుసగా పెడితే ఒకటిగా ముడుచుకుపోతయి, అందుకని లైను ముందు జాగా నిలబడటానికి రెండోది వాడుతరు. మన కంటికి రెండూ ఒకటే. కంపైలర్‌కు మొదటిది ఒక బైటు, రెండోది తనకు తెలియని రెండు బైట్లు. ఆ రెండిటినీ ఎనిమిది అంకెల లెక్కలో 302, 240 అని చూపిస్తది. మన లెక్కలో 194, 160.

కాబట్టి నంబర్లు చూసి దొంగ ఎవరో చెప్పొచ్చు. 302, 240 జంట వస్తే నో బ్రేక్ స్పేస్. 342, 200 తర్వాత 234 గానీ 235 గానీ వస్తే వర్డ్ మార్చేసిన వంకర కొటేషన్ గుర్తులు. 223 వస్తే మైనస్ బదులు పొడుగు గీత పడింది. 214 వస్తే మాత్రం అది మన తెలుగుతో వచ్చింది.

దీని గురించి కొంచెం చెప్పాలె. అమీర్‌పేట అని ఒత్తు పడకుండా రాయాలంటే 'ర్'కు, 'పే'కు నడుమ కనపడని అక్షరం ఒకటి పెట్టాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటరు. అది లేకుంటే అమీర్పేట అయితది. మోటార్‌కు అన్నా అంతే. తెలుగులో అది తప్పు కాదు, కావాల్సిందే. 2018 ఫిబ్రవరిలో జ్ఞ, ఈ అక్షరం, ఆ మీద దీర్ఘం కలిసిన ఒక్క తెలుగు ముక్క మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు ఆగిపోయినయి, గుర్తున్నదా? అక్కడ తప్పు తెలుగుది కాదు, ఆపిల్‌ది. అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసిన్రు.

మా కోడ్‌లో కూడా ఒకచోట 214 ఉన్నది. నాకు అర్థం కావాలని వాడి దోస్తు పక్కన తెలుగులో కామెంట్లు రాసిండట. కామెంట్‌లో, కొటేషన్ల లోపల తెలుగు ఉంటే కంపైలర్ ఏమీ అనదు. ఆ తెలుగు మాటను ఎవరో చెరిపేసిన్రు, దాని వెనక కనపడనిది మిగిలిపోయింది. (కొటేషన్లలో తెలుగు పెట్టినా 16 గళ్ల ఎల్సీడీ మీద పిచ్చి గీతలే వస్తయి, ఆశపడకండి.)

నోట్‌ప్యాడ్‌లో వేసి తీస్తే పోతదని చాలామంది అంటరు. పోదు. నోట్‌ప్యాడ్ రంగులు, సైజులు తీసేస్తది గానీ ఇది అక్షరం కదా, అట్లనే ఉంటది. ఎర్రర్‌లో చెప్పిన లైనుకు పోయి, ముందున్న ఖాళీ ఒక్కటి సెలెక్ట్ చేసి కాపీ చేయండి. ఫైండ్ అండ్ రిప్లేస్ తెరిచి పై గడిలో దాన్ని పేస్ట్ చేసి, కింది గడిలో కీబోర్డు స్పేస్ ఒకటి కొట్టి, రిప్లేస్ ఆల్ ఇవ్వండి. మాకు ఎర్రటి లైన్లన్నీ ఒక్క దెబ్బకు పోయినయి, 214 ఒక్కటే మిగిలింది. దానికి బాణం మీట నొక్కుతూ పోవాలె. చాలా ఎడిటర్లలో మీట నొక్కినా కర్సర్ కదలని చోటు ఒకటి దొరుకుతది, అక్కడే ఉంటది. లేదా లైను మొత్తం చెరిపి చేత్తో కొట్టుకోండి, అదే తొందరగా అయితది. విఎస్ కోడ్‌లో అయితే 2021 చివరి నుంచి ఇట్లాంటి అక్షరాల చుట్టూ గడి కట్టి చూపిస్తున్నది.

కోడ్ ఎవరికన్నా పంపేటప్పుడు మెసేజ్‌లో పేస్ట్ చేయకండి, ఫైలు ఫైలుగానే డాక్యుమెంట్‌లా పంపండి. పీడీఎఫ్‌లో కోడ్ పెట్టి పంచే అలవాటు పోవాలని నా కోరిక.

కంపైల్ అయినంత మాత్రాన బోరుకు పెట్టేయకండి. మేము బోరబండ రూములోనే రిలేకు బల్బు కట్టి, ఆగాల్సినప్పుడు ఆగుతున్నదా లేదా అని రెండు గంటలు చూసినం. తర్వాత పొలం దగ్గర ఎలక్ట్రీషియన్‌తో కాంటాక్టర్‌కు కలిపించినం. మాది 5 హెచ్‌పీ త్రీ ఫేజ్. నీళ్లు పోస్తున్నప్పుడు 7 ఆంపియర్లు, ఒట్టిగా తిరిగితే 4 చూపించింది. 5 దగ్గర ఆగేటట్టు పెట్టినం. మీ మోటారు లెక్క వేరే ఉంటది, క్లాంప్ మీటరుతో చూసుకున్నాకే కోడ్‌లో ఆ అంకె మార్చుకోండి.