ఆ రోజు వాచీ నా చేతిలో ఉంది!

చివరి రీల్లో హీరో ఓడిపోయి ఇంటికెళ్లిపోయే సినిమాలు మీరెన్ని చూశారు? పోనీ, హీరోలు ఇద్దరై, ఆ ఇద్దరూ సొంత అన్నదమ్ములై, ఇద్దరూ కలిసి ఓడిపోయి, మధ్యలో తిట్టుకోవడానికి ఒక విలన్ కూడా లేకుండా 'శుభం' కార్డు పడిపోతే? మన హాల్లో అయితే కుర్చీలు మిగలవు!

అలాంటి సినిమా ఒకటి ఈమధ్య చూశాను. పేరు 'ఆమ్ లిమిట్'. 2007లో వచ్చిన జర్మన్ డాక్యుమెంటరీ. ఇంగ్లీషులో 'టు ది లిమిట్' అన్నారు. తీసినవాడు పేపే డాంక్వార్ట్. అంతకుముందే ఒక చిన్న సినిమాకు ఆస్కార్ అందుకున్న మనిషి. హీరోలు బవేరియాకు చెందిన తోమాస్ హూబర్, అతని తమ్ముడు అలెగ్జాండర్ హూబర్.

కథ ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. అమెరికాలో, కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటాన్ అనే రాతికొండ ఉంది. కొండ అనడం కూడా తప్పేనేమో, దాదాపు మూడు వేల అడుగుల నిలువు గోడ! మన భువనగిరి గుట్ట అయిదు వందల అడుగులంటారు కదా, అలాంటివి ఆరు తెచ్చి ఒకదానిమీద ఒకటి నిలబెట్టుకోండి. ఆ గోడకు నడిమధ్యన ముక్కులా పొడుచుకొచ్చిన అంచు ఉంది. దాని పేరే 'నోస్'. దాన్ని ఇంతవరకూ ఎవరూ ఎక్కనంత తక్కువ టైములో ఎక్కెయ్యాలి. అదీ కథ!

మొట్టమొదట 1958లో దాన్ని ఎక్కినవాళ్లకు నలభై అయిదు రోజుల శ్రమ పట్టింది. అదీ ఏకబిగిన కాదు, ఏడాదిన్నరపాటు విడతలు విడతలుగా. 1975లో ముగ్గురు కుర్రాళ్లు ఒక్క రోజులో ఎక్కేశారు. 2002లో హాన్స్ ఫ్లోరీన్, యూజీ హిరయామా అనే ఇద్దరు రెండు గంటల 48 నిమిషాలకు దించారు. మామూలుగా ఎక్కేవాళ్లు ఇప్పటికీ మూడు నాలుగు రోజులు తీసుకుంటారు. రాత్రిళ్లు పడక కూడా ఆ గోడమీదే! హూబర్ అన్నదమ్ముల కన్ను ఆ 48 నిమిషాలమీద పడింది.

సినిమా నేను ఒంటరిగా చూడలేదు. హైదరాబాదులో ఒక మిత్రుడి మేడగదిలో, తెల్లగోడే తెరగా, రాళ్లెక్కే అలవాటున్న నలుగురితో కలిసి చూశాను. వాళ్ల అభిప్రాయాలు రాసుకుని ఒక వ్యాసం చేద్దామని నోటుబుక్కు కూడా పట్టుకెళ్లాను. నలుగురిలో ఒకతను కొంచెం కుంటుతాడు. అతని సంగతి తరవాత చెబుతాను.

మొదట నోరు విప్పింది కాలేజీ కుర్రాడు. పందేలలో ఎవరు ఏ ఏడు ఎన్ని నిమిషాలు తీసుకున్నారో ఎక్కాల్లాగా అప్పజెప్పే రకం. "అన్నయ్యా, ఆ ఫొటోగ్రఫీ చూశారా! డూపు లేదు, రీటేకు లేదు. కెమెరావాళ్లు కూడా తాళ్లమీద వేలాడుతూ తీశారు. గ్రాఫిక్స్‌లో కొండలు చూసి చూసి విసుగెత్తింది, ఇదీ అసలైన ఫైటంటే!" అన్నాడు. అతనికున్న అసంతృప్తి ఒక్కటే, రికార్డు రాకుండా సినిమా అయిపోవడం. అన్నదమ్ములు ఆ తరవాత మళ్లీ వెళ్లి, 2007 అక్టోబరులో రెండు గంటల 45 నిమిషాల 45 సెకన్లలో ఎక్కి రికార్డు కొట్టారు. అప్పటికి సినిమా విడుదలై నెలలయింది. "ఇంకాస్త ఆగి ఉంటే క్లైమాక్స్ దొరికేది కదా!" అని అతని బాధ.

రెండో అభిప్రాయం ఒక ఇంజనీరమ్మాయిది. సినిమాని మధ్యలో రెండుసార్లు ఆపించింది. "మీరంతా టైము చూస్తున్నారండీ. నేను తాడు చూస్తున్నాను" అంది.

తాడులో చూడటానికేముంటుంది అంటే, విడమరచి చెప్పింది. మామూలుగా ఇద్దరు ఎక్కుతుంటే ఒకరు ఎక్కుతారు, రెండోవాళ్లు ఒకచోట కట్టుకుని నిలబడి తాడు కాస్తారు. పందెంలో ఆ నిలబడటమే ఉండదు. ఒకే తాడుకు ఇద్దరూ కట్టుకుని ఇద్దరూ ఒకేసారి ఎక్కుతుంటారు. ముందువాడు రాతి పగుళ్లలో అక్కడొకటి అక్కడొకటి కొక్కేలు పెట్టి తాడు తగిలిస్తూ పోతాడు, వెనకవాడు వాటిని తీసుకుంటూ వస్తాడు. కొక్కెం పెట్టడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి వీలైనన్ని తక్కువ పెడతారు. "చేతులూ కాళ్లూ చురుగ్గా ఆడటంవల్ల వచ్చే వేగం కొంతేనండీ. మిగతాదంతా ఏమేం మానేశాం అన్నదాన్నిబట్టి వస్తుంది" అంది. నోటుబుక్కులో ఆ మాట రాసుకుంటుంటే ఎందుకో నా చెయ్యి ఆగింది.

మూడోవారు మాస్టారు. పాతికేళ్లుగా పిల్లలకు రాళ్లెక్కడం నేర్పుతున్నారు. ఆయనకు సినిమాలో అన్నదమ్ముల పోటీ మోతాదు మించిందనిపించింది. దక్షిణ అమెరికా కొసన పటగోనియా మంచుకొండలకు వెళ్లిన భాగం మాత్రం ఎంతో నచ్చింది. "అక్కడ గాలీ మంచూ వీళ్ల వాచీని లెక్కచెయ్యవు" అని నవ్వారు.

తరవాత ఆయన చెప్పిన లెక్కలు వేరు. 2018 మే నెలలో, నోస్‌ని నూరుసార్లకు పైగా ఎక్కిన హాన్స్ ఫ్లోరీనే దానిమీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అదే నెలలో, రికార్డు కోసం సాధన చేస్తూ టామీ కాల్డ్‌వెల్ నూరడుగులు పడి, అదృష్టంకొద్దీ దెబ్బ తగలకుండా బయటపడ్డాడు. జూన్ 2న అదే కొండకు ఇంకో దారిన వేగంగా ఎక్కుతున్న ఇద్దరు అనుభవజ్ఞులు పడి చనిపోయారు. సరిగ్గా నాలుగు రోజులకు, జూన్ 6న, అలెక్స్ హానల్డ్, కాల్డ్‌వెల్ కలిసి నోస్‌ని గంట 58 నిమిషాల 7 సెకన్లలో ఎక్కారు.

"రికార్డు అందరికీ గుర్తుంటుంది" అన్నారు మాస్టారు. ఇంకేమీ అనలేదు. కాసేపాగి, "హానల్డ్ తాడు లేకుండా అదే కొండ ఎక్కిన 'ఫ్రీ సోలో' చూశారా? ఆస్కార్ కూడా వచ్చింది. అందులో ఒక కెమెరామన్ చూడలేక మొహం పక్కకి తిప్పేసుకుంటాడు. నాకు ఆ సినిమాలో హానల్డ్ కంటే అతనే ఎక్కువ గుర్తు" అన్నారు.

ఇక నాలుగో మనిషి. ఆ కుంటే కుర్రాడు.

పాఠక మిత్రులారా, ఇక్కడ నా కథ కొంచెం చెప్పక తప్పదు. ఏడేళ్ల క్రిందట ఒక పత్రికకు ఫీచరు రాయడానికి ఊరి బయట ఒక రాతిబండ దగ్గరికి వెళ్లాను. నలభై అడుగుల బండ, దానికి అయిదు బోల్టులు. కుర్రాళ్లు నెమ్మదిగా ఎక్కుతున్నారు, దిగుతున్నారు, టీ తాగుతున్నారు. రాయడానికి మసాలా ఏమీ దొరకలేదు నాకు. అప్పుడు నేనే అన్నాను: "ఎవరు తొందరగా ఎక్కుతారో చూద్దామా? నేను టైము చూస్తాను."

అంతే, ఊపొచ్చింది! ఒకతను యాభై రెండు సెకన్లలో ఎక్కాడు. ఈ కుర్రాడు నలభై తొమ్మిదిలో ఎక్కాడు. అందరూ చప్పట్లు. నేను ఊరుకోవచ్చు కదా? "ఇంకో అయిదు సెకన్లు తగ్గితే హెడ్డింగు నీదే!" అన్నాను. మళ్లీ ఎక్కాడు. కిందనుంచి నేను ఇరవై, ఇరవై అయిదు అని అరుస్తూనే ఉన్నాను. మూడో బోల్టుకు కొక్కెం తగిలించకుండా దాటేశాడు. నాలుగోది అందుకోబోతుండగా కాలు జారింది. తాడు పట్టుకుంది గాని, పట్టుకునేలోపు మడమ గట్టుకు కొట్టుకుంది. మూడు నెలలు సిమెంటు కట్టు. కాలు మళ్లీ మునుపటిలా రాలేదు.

ఫీచరు అచ్చయింది. నలభై తొమ్మిది సెకన్ల కుర్రాడంటూ ఫొటో వేశారు. పడిన సంగతి నేను రాయలేదు. పిల్లల తల్లిదండ్రులు భయపడతారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అది కాదని నాకు అప్పుడే తెలుసు.

'ఆమ్ లిమిట్'లో కూడా పడతారు. గాయమవుతుంది, ప్రయత్నం ఆగిపోతుంది. ఆ ఘట్టం వస్తుంటే నేను తెర చూడలేదు, ఆ కుర్రాడి మొహం చూశాను. అతను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

లైటు వేశాక అడిగాను, "నీకేమనిపించింది తమ్ముడూ?" అని.

"మంచిగున్నది అన్నా" అన్నాడు. తరవాత, కోపం లేకుండా, మామూలు గొంతుతో, "వాళ్లు పడ్డది గూడ సూపెట్టిండ్రు. తియ్యకుండ ఉంచిండ్రు. మీరు రాసిన దాంట్ల నేను పడనే లేదు గద" అన్నాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాలేజీ కుర్రాడికి ఆ సంగతి తెలియదు, ఆ మొహం ఈ మొహం చూస్తున్నాడు. మాస్టారికి తెలుసు.

"నా పేపరు కటింగు మా అమ్మ దాసిపెట్టింది అన్నా. ఇంటికొచ్చినోళ్లకు సూపెడ్తది. అండ్ల గెలిచినోన్ని. కాలుకేమైందని వాళ్లడిగితె, బండి మీదికెళ్లి పడ్డడని చెప్తది" అని నవ్వాడు.

అలెగ్జాండర్ హూబర్ 2013లో భయాన్ని గురించి ఒక పుస్తకం రాశాడు. భయమే నీకు ఆప్తమిత్రుడు అనే అర్థం వచ్చే పేరు. అంతటి మొనగాడు తన భయాన్ని పేరుపెట్టి నలుగురిలో చెప్పుకున్నాడు. ఓడిపోయిన తమ సినిమాకు అన్నదమ్ములిద్దరూ ఒప్పుకుని కెమెరా ముందు కూర్చున్నారు. కింద నిలబడి వాచీ చూసిన నాకు మాత్రం నాలుగు వాక్యాలు రాయడానికి ఏడేళ్లు పట్టింది.

కాలేజీ కుర్రాడు సినిమాకు క్లైమాక్స్ లేదన్నాడు. నాకైతే ఉన్నట్టే తోచింది.

అన్నట్టు, ఆ పాత ఫీచరులో ఒక దిద్దుబాటు. ఆ రోజు ఆ కుర్రాడు రెండోసారి కూడా ఎక్కాడు. మూడో బోల్టు దాటాక పడ్డాడు. పైకి చేరలేదు. వాచీ నా చేతిలో ఉంది.